పెట్టెల ఏమున్నది

ఒక్క ప్రశ్న మీదనే నా బతుకు.
"పెట్టెల ఏమున్నది?"
హన్మకొండ చౌరస్తాకాడ, చెప్పుల దుకాణం పక్క సందుల
రేకుల షెడ్డు, ఒక తూకం,
గర్రుమని చిరిగే టేపు చప్పుడు.
"ఏం లేదమ్మా, బట్టలే" అంటరు.

బట్టల మడతల్లకెల్లి
అత్తరు సీస తీసిన, పటాకుల కట్ట తీసిన,
సిగరెట్ లైటరు, గోళ్లరంగు,
ఒకసారి మామిడి తొక్కు డబ్బా కింద
పత్తికి కొట్టే మందు.
రెండు వాసనలు కలిసి
మూడు దినాలు నా చేతి అన్నం నాకే సయించలేదు.

అబద్ధాలోళ్లు కారు వాళ్లు.
ఇంట్ల అల్మారల ఊకున్న సీస
మబ్బుల మీద ఊకోదని
వాళ్లకెవలు చెప్పిన్రు?

నాకు ఖదీర్ సాబ్ చెప్పిండు.
శంషాబాద్ కార్గోల ఇరవై రెండేండ్లు చేసిన మనిషి,
ఎడమచేతి రెండు వేళ్లకు గోళ్లు లేవు,
ఎందుకని ఎవలం అడగలే.
"బిడ్డా, రోడ్డు మీద లారీ అంటుకుంటే
డ్రైవరు దుంకుతడు.
పైన దుంకుతందుకు నేలేది?
పైలట్‌కు నీ పెట్టె కనవడది,
నీ రాత కనవడ్తది. గంతే."

దవాఖాన సీసల చుట్టూ పొడిమంచు పోసేటప్పుడు
నా చెయ్యి పట్టుకొని ఆపిండు:
"గాలి ఆడకుండ మూసెయ్యకు, దానికి ఊపిరి కావాలె."
మంచు గూడ పేలుతదని
ముప్పై ఏండ్లకు తెలిసింది నాకు.

తొమ్మిదో నంబరు చీటీ మీద ఏడు నల్ల గీతలు,
కింద మంట లేస్తున్న బ్యాటరీ బొమ్మ.
అంచు మీద మడత పడకుండ
పసిపిల్ల నుదుట బొట్టు పెట్టినట్టు అతికిస్త.
నేను విమానం ఎక్కలే.
మామునూరు రన్‌వే పగుళ్లల్ల మొలిచిన గడ్డి
మా తాత గొర్లు మేసినయి,
విమానంతోటి మాకున్న చుట్టరికం గదొక్కటే.

మొన్న ఎండల పడి ఓదెలు వచ్చిండు, ధర్మసాగరం నుంచి.
రవిక గుడ్డల చుట్టిన ఫోను.
విప్పితే, నూనెల ఏసిన అప్పడం తీరు
వీపు ఉబ్బి, అద్దం లేచి.
"ఢిల్లీల తీస్తరట, లోపలి గొంతు.
మా కనకలచ్చిది.
మోటరు బంజేసినవా అని అడిగింది, గంతే, ఇంకేం లేదు అండ్ల."

"ఇది పోదు కాకా."
"రెండు వందలు ఎక్కువ తీస్కో."
"రెండు లక్షలిచ్చినా పోదు."
"ఆమె గొంతు గూడ డేంజరేనా?"

గా మాటకు నా ఫారంల గడి లేదు.

షట్టరు సగం దించి, చౌరస్తా దాటించి
అఫ్రోజ్ దుకాణంకు తోల్కపోయిన.
ఇనుప పట్కారు పక్కకు పెట్టి
ప్లాస్టిక్ పుల్ల తీసుకున్నడు అఫ్రోజ్.
ఫ్యాను బంద్ చేసిండు. ఎందుకో మేము గూడ
ఊపిరి బంద్ చేసినం.
గిల్లితే ఏడ్సే బిడ్డను పక్క మార్చినట్టు
నిదానంగ, ఇంకా నిదానంగ...
వచ్చింది.
ఇసుక బక్కెట్ల పండవెట్టి, పైన ఇంకింత ఇసుక.

ఫోను అల్కగైంది.
ఓదెలు అరచేతిల దాన్ని రెండుసార్లు ఎత్తి చూసిండు.
"గొంతు బరువు తక్కువనే" అన్నడు.

తూకం మీద పెట్టినంక, అలవాటు పోదు గద, అడిగిన:
"పెట్టెల ఏమున్నది?"
చానాసేపు ఆలోచించిండు.
"బ్యాటరీ లేదని రాయి బిడ్డా.
గది నిజం."

గా రాత్రి మిద్దె మీద పండుకొని చూసిన.
కాజీపేట దిక్కు మినుకుమినుకుమంట ఒక దీపం పోతాంది.
అండ్ల ఓదెలు డబ్బా ఉన్నదో లేదో.
కిటికీకి తల ఆనిచ్చి ఎవలో నిద్రపోతుండొచ్చు,
నోరు తెరిచి, చెప్పులు ఇడిచి.
వాళ్లకు నేను తెల్వదు.
తెల్వకుంట ఉండుడే మంచిది.

తెల్లారి అఫ్రోజ్ ఫోన్ చేసిండు,
మూడింటికి ఇసుకలకెల్లి పొగ లేసిందట,
బక్కెట్ అడుగు నల్లగైందట.

ఓదెలుకు చెప్పలే.